కృష్ణబిలానికి అప్పు అంటగట్టే విద్య

గుంటూరును కేంద్రంగా పెట్టుకుని ఒక పటం ఊహించండి. ఊరి నడిబొడ్డున సూర్యుడికి పది రెట్ల ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలం ఉందనుకుందాం. (నిజంగా ఉంటే గుంటూరే కాదు, భూమే మిగలదు. ఆ సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం.) అది తిరగకుండా ఉంటే, లోపలికి పోయిన వెలుగు మళ్లీ బయటికి రాలేని అంచు 30 కిలోమీటర్ల దూరంలో, అంటే దాదాపు విజయవాడ దగ్గర ఉంటుంది. అదే బిలం ప్రకృతి అనుమతించే గరిష్ఠ వేగంతో తిరుగుతుంటే ఆ అంచు 15 కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. మంగళగిరి, తెనాలి బయటపడతాయి. అయితే వాటికి నిలకడ ఉండదు. నడిమధ్య తలంలో 15 నుంచి 30 కిలోమీటర్ల దాకా ఉన్న ఆ పట్టీలో అంతరిక్షమే బిలంతో పాటు సుడి తిరుగుతుంది. ఎంత గట్టి రాకెట్టయినా అక్కడ ఒకచోట ఆగలేదు. ఈ ప్రాంతం పేరు ఎర్గోస్ఫియర్.

తిరిగే బిలానికి గణిత రూపం ఇచ్చినవాడు న్యూజిలాండ్ గణితవేత్త రాయ్ కెర్, 1963లో. ఆరేళ్ల తర్వాత రోజర్ పెన్రోజ్ ఒక చిత్రమైన సంగతి గమనించాడు. బిలం తిరుగుడులో దాగిన శక్తి ఆ తిరిగిరాని అంచుకు బయటే, ఈ పట్టీలోనే అందుబాటులో ఉంది. కాబట్టి దాన్ని లాక్కోవచ్చు.

ఎలాగంటే, ఒక వస్తువును ఎర్గోస్ఫియర్‌లోకి పంపి అక్కడ రెండు ముక్కలు చేయాలి. ఒక ముక్కను బిలం తిరిగే దిశకు ఎదురుగా, లోపలికి తోయాలి. అక్కడి వింత ఏమిటంటే, దూరం నుంచి లెక్కగడితే ఆ ముక్క శక్తి సున్నా కంటే తక్కువ కావచ్చు. మన పేరున ఉన్న ప్రోనోటు తీసుకెళ్లి షావుకారు ఖాతాలోనే రాసేసి వచ్చినట్టన్నమాట. అప్పు బిలం నెత్తిన పడింది గనుక రెండో ముక్క మనం పంపినదానికంటే ఎక్కువ శక్తితో బయటికొస్తుంది. బిలం ఆ మేరకు నెమ్మదిస్తుంది.

లాభం ఎంత? ఇలా ఒకసారి విడగొడితే, పంపిన వస్తువు మొత్తం శక్తిలో గరిష్ఠంగా 20.7 శాతం అదనంగా వస్తుంది. కిలో వస్తువుకు ఇది 500 కోట్ల యూనిట్ల కరెంటు పైమాటే. హైడ్రోజన్‌ను హీలియంగా మార్చే సూర్యుడి పద్ధతిలో శక్తిగా మారేది ద్రవ్యరాశిలో 0.7 శాతమే. పూర్తి వేగంతో తిరిగే బిలం ద్రవ్యరాశిలో 29 శాతం తిరుగుడు రూపంలోనే ఉంటుంది. మన పది సూర్యుల బిలం దగ్గరున్న ఆ నిధి, సుమారు 4,000 మంది సూర్యులు తమ జీవితకాలమంతా వెలిగించే వెలుగుకు సమానం. మిగతా 71 శాతాన్ని ఈ దారిలో ఎవరూ తీయలేరని 1970లో క్రిస్టోడౌలూ నిరూపించాడు.

ఇంత సొగసైన ఆలోచనకూ ఒక మెలిక ఉంది. ముక్కలు ఒకదాని నుంచి ఒకటి కాంతి వేగంలో సగానికి మించి విడిపోవాలి. ప్రకృతిలో అలాంటి పేలుడు జరగడం కష్టమని తేలి, ఈ విద్య పుస్తకాలకే పరిమితమనుకున్నారు. 1985లో సంజయ్ వాఘ్, సంజీవ్ ధురంధర్, నరేశ్ దధీచ్ దానికి మళ్లీ ప్రాణం పోశారు. బిలం చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటే, విద్యుదావేశం ఉన్న ముక్కలకు కావలసిన తోపుడు అదే ఇస్తుందని వారు చూపించారు. మన దేశం నుంచి వచ్చిన ఈ పనికి మనవాళ్లలోనే రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

అంతకు ముందే, 1977లో, బ్లాండ్‌ఫర్డ్, జ్నాయెక్ అయస్కాంత రేఖలే బిలం తిరుగుడును బ్రేకులా పట్టి శక్తిని బయటికి లాగగలవని లెక్క కట్టారు. ఎం87 గెలాక్సీ నడిమి బిలం నుంచి దాదాపు 5,000 కాంతి సంవత్సరాల పొడవున చిమ్ముతున్న ధారకు మూలం ఇదేనని ఎక్కువమంది నమ్మకం. 2021లో వెలువడిన చిత్రంలో ఆ బిలం అంచున బలమైన, క్రమబద్ధమైన అయస్కాంత క్షేత్రం ఆనవాళ్లు దొరికాయి.

బిలం ఎంత వేగంగా తిరుగుతుందో ఎలా తెలుస్తుంది? మళ్లీ మన పటానికి వద్దాం. తిరగని బిలం చుట్టూ వేడి వాయువు సుమారు 89 కిలోమీటర్ల దాకానే, అంటే ఒంగోలు దరిదాపుల దాకానే, నిలకడగా తిరగగలదు. బిలమూ అదే దిశలో బాగా వేగంగా తిరుగుతుంటే విజయవాడ దూరం దాకా రాగలదు. ఎంత లోపలికొస్తే అంత వేడి, ఎక్స్ కిరణాల్లో అంత తేడా. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆస్ట్రోశాట్, అమెరికా చంద్రా ఉపగ్రహంతో కలిసి 4యు 1630-47 అనే బిలాన్ని పరిశీలించింది. దాని తిరుగుడు గరిష్ఠ పరిమితిలో 0.92 వంతు అని తేలింది.

ఇక మన మోటార్లకూ, మిర్చి కోల్డ్ స్టోరేజీలకూ ఈ కరెంటు వస్తుందా అంటే, రాదు. మనకు తెలిసిన అతి దగ్గరి కృష్ణబిలం దాదాపు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వాయేజర్ నౌక వేగంతో బయల్దేరితే చేరడానికి రెండున్నర కోట్ల సంవత్సరాల పైనే పడుతుంది. కానీ చూడటానికి అంత దూరం పోనక్కర్లేదు. ఆస్ట్రోశాట్ పోగుచేసిన సమాచారాన్ని 2018 నుంచి ఇస్రో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టింది. మీ ఇంట్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివే పిల్లలుంటే ఇండియన్ స్పేస్ సైన్స్ డేటా సెంటర్ వెబ్‌సైట్ ఒకసారి తెరిచి చూడమనండి.