పాడి లేని వంటకములు

రష్యా దేశమందలి త్వేర్ నగరమునుండి అఫనాసీ నికితిన్ అను వర్తకుడు 1470 ప్రాంతమున మన బీదరునకు వచ్చెను. అప్పటికి బీదరు బహమనీ సుల్తానుల రాజధాని. సముద్రము దాటించి తెచ్చిన గుఱ్ఱమును ఆతడు ఇచ్చటనే అమ్మి, కొంతకాలము ఈ ఊరనే నివసించి, తాను చూచిన విశేషములను వ్రాసి పెట్టుకొనెను. ఇచ్చటి హిందువులు బియ్యము, కిచిడి, నానావిధములైన ఆకుకూరలు భుజింతురనియు, వానిని వెన్నతోను పాలతోను వండుదురనియు అందు కలదు. గుఱ్ఱములకు శనగలు పెట్టుదురట! నికితిన్ క్రైస్తవుడు. దారిలో దొంగలు దోచుకొనగా అతని మతగ్రంథములు పోయినవి. అందువలన పండుగల లెక్క తప్పినది. అయినను ఉపవాస నియమమును విడువక, ఒక నెల దినములు మాంసమును గాని, వ్రతమునకు తగని ఇతర పదార్థములను గాని ముట్టక, దినమునకు రెండుమారులు రొట్టెయు నీరును మాత్రమే పుచ్చుకొనెను. నేడు ప్రపంచమున ‘వీగన్’ భోజనమని చెప్పబడుచున్నది ఇట్టిదే. రొట్టె, నీరు మాత్రమే అగుటచేత దానిని వంటయని చెప్పుటకు మాత్రము మనసొప్పదు.

ఈ ‘వీగన్’ అను మాట 1944వ సంవత్సరమున ఇంగ్లండులో పుట్టినది. డొనాల్డ్ వాట్సన్ అను నతడును ఆతని మిత్రులును ‘వెజిటేరియన్’ అను ఆంగ్లపదము యొక్క మొదటి మూడక్షరములను, చివరి రెండక్షరములను కలిపి దీనిని కూర్చిరి. మాంసము, చేపలు, గ్రుడ్లు మాత్రమేగాక పాలు, పెరుగు, నేయి, తేనె కూడ మానినవారికి ఈ పేరు చెల్లును. మన దేశమున శాకాహారియనిన పాడిని విడిచినవాడని అర్థము కాదు. పెరుగన్నము లేనిదే భోజనము ముగియదని తలచు మనకు ఇది వింతగా తోచుట సహజము. జీవకారుణ్యము చేత కొందరు, పుడమి మేలు కోరి కొందరు, మతనియమము చేత కొందరు ఈ పద్ధతి నవలంబించుచున్నారు. పాలు అరగనివారును కలరు. వీరందరికంటెను వేఱైన వారు మన నడుమనే ఉన్నారు. అనేక గృహములందు కొన్న పాలు తేనీటికి మాత్రమే సరిపోవును. వారి భోజనము ఏ సంకల్పమును లేకయే పాడి లేని భోజనమగుచున్నది. కావున ఈ విషయమును దూరదేశపు వేడుకగా గాక, ఎదుగు పిల్లల బలమునకు సంబంధించినదిగా చూడవలెను.

మొదట మన పళ్లెమునే చూతము. మనము జొన్నరొట్టె యనుచున్నాము. పొరుగింటి కన్నడిగులు జోళద రొట్టి యందురు. మరాఠీవారు భాకరి యందురు. ఉర్దూ మాటలాడువారు జ్వార్ కీ రోటీ యందురు. పేర్లు నాలుగైనను పని ఒక్కటే. గోధుమపిండికివలె జొన్నపిండికి సాగెడు జిగురు లేదు. అందుచేత వేడినీటితో కలిపి, బాగుగా మర్దించి, అరచేతితో తట్టవలసి వచ్చును. దీనికి తోడుగా మనము వండు పుంటికూరను కన్నడిగులు పుండిపల్య యందురు. అందు జొన్ననూకయు వేయుదురు. ఈ జాతి పుల్లని ఆకునే బర్మా దేశీయులు సయితము ప్రీతితో వండుకొందురు. ఒకప్పుడు రంగూనులో స్థిరపడిన తెలుగువారికి అచ్చట గోంగూరకు కఱవుండలేదు.

మార్గశిర బహుళ అమావాస్యనాడు, అనగా ఎళ్ళు అమావాస్యనాడు, ఈ ప్రాంతమున రైతుకుటుంబములు పొలమునకు పోయి పూజచేసి, అచ్చటనే బంధుమిత్రులతో భుజించుట మీరెఱిగినదే. ఆనాటి ‘భజ్జి’ నూనెలో వేచు బజ్జీ కాదు. పచ్చి కందికాయల గింజలు, పచ్చిశనగలు, బఠానీలు, వేరుశనగలు, వంకాయ, చిక్కుడు, మెంతికూర మొదలుగా ఆ ఋతువున దొరకు కూరగాయలన్నియు చేర్చి, చింతపులుసు, శనగపిండి కలిపి ఉడికించునదే అది. సజ్జరొట్టెతో తినిన దాని రుచియే వేఱు. ఇందు పాలుగాని నేయిగాని అవసరములేదు. తోడుగా నుండు అంబలిలో మజ్జిగ పోయుదురు. పులియబెట్టిన జొన్నగంజియే అయినచో అదియు అక్కరలేదు.

ఈ పళ్లెమంతయు మన నేలలోనిదే యని తలపకుడు. మహమూద్ గవాన్ మదరసా కట్టడము 1472లో పూర్తియగునాటికి బీదరు వంటింట మిరపకాయ లేదు, వేరుశనగ లేదు, టమాటా, బంగాళదుంప లేవు. ఇవి యన్నియు అమెరికా ఖండమునకు చెందినవి. 1498లో పోర్చుగీసువారు మన తీరము చేరిన పిదపనే క్రమముగా వచ్చినవి. అంతకుముందు కారమునకు మిరియాలే గతి.

అమెరికానుండియే మొక్కజొన్న వచ్చెను. దాని కథను కొంత వివరముగా చెప్పవలసియున్నది. మెక్సికో దేశీయులు మొక్కజొన్నలను సున్నము కలిపిన నీటిలో ఉడికించి, రాత్రియంతయు నాననిచ్చి, కడిగి, రుబ్బి, ఆ ముద్దతో తోర్తియా అను పలుచని రొట్టెలు కాల్చుదురు. సున్నమువలన గింజపై పొర ఊడును; అంతకంటె ముఖ్యముగా, గింజలో బంధింపబడి దేహమునకు అందని నియాసిన్ అను విటమిను విడివడును. ఐరోపావారు మొక్కజొన్నను తీసికొనిపోయిరి గాని సున్నపు పద్ధతిని తీసికొనిపోలేదు. ఫలితముగా ఇటలీ, స్పెయిను దేశముల పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి ప్రబలెను. చర్మము ఎండ తగిలినచోట నల్లబడి పగులును, విరేచనములు పట్టును, తుదకు మతి చలించును. స్పెయినులో గాస్పర్ కాసాల్ అను వైద్యుడు 1735లోనే దీనిని వర్ణించెను.

ఈ వ్యాధి మొక్కజొన్న తినని మన దక్కనులోను కనబడెను. కూనూరునుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో సి. గోపాలన్ గారును సహచరులును, జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలలో పెల్లాగ్రాను పరిశీలించిరి. జొన్నయందలి మాంసకృత్తులలో ల్యూసిన్ అను అంశము అధికముగా నుండుట ఒక కారణమని వారు 1960లో ప్రతిపాదించిరి. దీనినిబట్టి జొన్న చెడ్డదని భావింపరాదు. ఏకాహారమే చెఱుపు. నియాసిన్ సమృద్ధిగా నున్న పదార్థములలో వేరుశనగ యొకటి. కనుక రొట్టెతో పల్లీల పొడి తినిన అవ్వల అలవాటు శాస్త్రసమ్మతమే.

పప్పు చేర్చుటకును ఇట్టి కారణమే కలదు. ధాన్యములలో లైసిన్ అను అంశము తక్కువ. పప్పులలో అది ఎక్కువ. పప్పులలో కొఱతపడు మెథియోనిన్ ధాన్యములలో లభించును. ఇథియోపియావారు టెఫ్ అను సన్నని గింజల పిండిని రెండు మూడు దినములు పులియబెట్టి, దోసెవంటి పెద్ద ‘ఇంజెరా’ పోసి, దానిపై శనగపిండితో చేసిన ‘షిరో’ వడ్డింతురు. వారి చర్చి నియమము ననుసరించి బుధ, శుక్రవారములందును ఇతర వ్రతదినములందును పాడి పనికిరాదు. ఈజిప్టువారి ‘తామియా’ బాకలా చిక్కుడు గింజలతో చేసినది. ఇతర అరబ్బు దేశములలో శనగలతో చేసి ఫలాఫెల్ అందురు. ఇది మన మసాలావడకు తోబుట్టువే.

ఇక సోయాచిక్కుడు. ఇటీవలి దశాబ్దములలో బీదరు జిల్లాలో ఇది విస్తారముగా పండుచున్నది. అయినను పండించినవారి వంటింటికి వచ్చుట అరుదు, నూనె మిల్లులకే పోవుచున్నది. ఇది కొంత విచారకరమే, ఏలయన ఇందు నూటికి 36 పాళ్లకు పైగా మాంసకృత్తులున్నవి. చీనా, జపాను దేశములలో దీనినుండి టోఫు అను ఒకవిధమైన జున్ను చేయుదురు. పావుకిలో గింజలను రాత్రి నానవేసి, ఉదయము కడిగి, మెత్తగా రుబ్బి, మొత్తము సుమారు రెండు లీటర్ల నీరు చేర్చి గుడ్డలో వడియగట్టవలెను. వచ్చిన పాలను అడుగంటకుండ కలుపుచు పది నిమిషములు మరగనిండు. ఇందు తొందర కూడదు. పచ్చి సోయాలో మాంసకృత్తులను అరగనీయని పదార్థముండును, మరగిననే అది నశించును. దింపి, కొంచెము చల్లారినపిదప రెండు మూడు చెంచాల నిమ్మరసమును నీటిలో కలిపి మెల్లగా పోయవలెను. పావుగంటలో విరిగిన ముద్దను గుడ్డలో మూటకట్టి, పైన బరువు పెట్టి అరగంట ఉంచినచో గట్టిపడును. చీనాలో నిమ్మరసమునకు మారు జిప్సము వాడుదురు. దానివలన సున్నపుసత్తువయు చేకూరును. దీనికి స్వంతరుచి లేదు; మన పాలకూరలోనో, మిరపకారముతో పెనముమీదనో వేయుడు.

తలిదండ్రులకు ఒక మాట. బి-12 అను విటమిను మొక్కలనుండి నమ్మకముగా లభింపదు. దాని లోపమువలన రక్తహీనతయు నరముల దౌర్బల్యమును కలుగును. పాడిని పూర్తిగా మానదలచినవారు దీనిని మాత్రల రూపమునగాని, చేర్చిన ఆహారములద్వారా గాని తప్పక తీసికొనవలెను. పిల్లల విషయమున వైద్యుని అడుగక మానరాదు. రాగులు, నువ్వులు సున్నపుసత్తువ నిచ్చును. ఆకుకూరపై నిమ్మరసము పిండినచో అందలి ఇనుము బాగుగా ఒంటబట్టును. భోజనముతో తేనీరు త్రాగినచో తగ్గును.

టోఫు చేయునపుడు గుడ్డలో మిగిలిన పిప్పిని పారవేయకుడు. జపానువారు దానిని ఒకారా యని కూరగా వండుకొందురు. మనము జొన్నపిండిలో కలిపి, ఉల్లి, పచ్చిమిరప, కొత్తిమీర చేర్చి రొట్టె తట్టవచ్చును. పిప్పిలో తడి ఉండును గనుక నీరు కొంచెము తగ్గించి పోయవలెను.