కుడి ఎడమలు సమానం కాని కారు: షార్ట్ ట్రాక్ ఛాసిస్‌కు చిన్న నమూనా ఎలా కడతారు?

మా ఖాలా కొడుకు అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉద్యోగం చేస్తాడు. నాకంటే పెద్దవాడు, భాయ్‌జాన్ అని పిలుస్తాను. మనకు ఆదివారం తెల్లవారుజామున, అంటే అక్కడ శనివారం రాత్రి ఫోన్ చేస్తే వెనకాల ఒకటే మోత. "హికరీలో ఉన్నా, రేస్ నడుస్తోంది, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేస్తాడు.

పోయిన చలికాలం ఆయన ఒక ఫొటో పంపాడు. టేబుల్ మీద అద్దం పలక, దాని మీద గ్రాఫ్ కాగితం, ఆ కాగితం మీద తెల్లటి ప్లాస్టిక్ పుల్లలతో అల్లిన పంజరం లాంటిది ఒకటి.

"ఏంటిది భాయ్‌జాన్, పిట్టల పంజరమా?" అన్నాను.

"రేస్ కారు ఛాసిస్. ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు విప్పేస్తున్నా" అన్నాడు.

ఐదు నెలలు కట్టినదాన్ని ఎందుకు విప్పుతున్నాడో అర్థం కావాలంటే, ముందు ఆ కారు సంగతి తెలియాలి.

ఒక మైలు కంటే తక్కువ పొడవున్న రేస్ ట్రాక్‌ను అక్కడ షార్ట్ ట్రాక్ అంటారు. టీవీలో కనిపించే మార్టిన్స్‌విల్ 0.526 మైలు. భాయ్‌జాన్ వెళ్లే హికరీ ఇంకా చిన్నది, 0.363 మైలు, మన లెక్కలో దాదాపు 584 మీటర్లు. 1951 నుంచి నడుస్తోంది. ఇలాంటి ట్రాక్‌ల మీద కారు ఎప్పుడూ ఎడమకే తిరుగుతుంది. గంటసేపు తిరిగినా కుడి మలుపు అనేదే రాదు.

అసలు కథంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. కారు ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి టైర్ల మీదికి వచ్చి పడుతుంది. అందుకని కట్టేటప్పుడే వీలైనంత బరువును ఎడమకు జరుపుతారు. అప్పుడు మలుపులో నాలుగు టైర్లకూ పని దొరుకుతుంది. ఎడమ వైపు బరువు ఎంత శాతం మించకూడదో రూల్‌బుక్కుల్లో రాస్తారు. 58 శాతం అనే అంకె చాలా చోట్ల కనిపిస్తుంది. మిషిగన్‌లో ఎడ్ హౌ పెట్టిన కంపెనీ, ఇలినాయ్‌లో లెఫ్ట్‌హ్యాండర్ ఛాసిస్ లాంటి వాళ్లకు ఇలాంటి కార్లు కట్టడమే వ్యాపారం. రెండో కంపెనీ పేరులోనే ఎడమ చెయ్యి ఉంది చూడండి.

నేను బీకాం చదివినవాణ్ణి. రెండు వైపులా టాలీ కాకపోతే రాత్రి నిద్రపట్టని చదువు అది. ఈ కారు దానికి పూర్తిగా ఉల్టా. ఆఫ్‌సెట్ రకం ఛాసిస్‌లో చక్రాల మధ్య గీత ఒకచోట ఉంటే, ఫ్రేమ్ మధ్య గీత దానికి ఎడమగా ఉంటుంది. అందువల్ల ముందు చక్రాన్ని పట్టుకునే కింది చెయ్యి, అదే కంట్రోల్ ఆర్మ్, కుడి వైపు పొడవుగా, ఎడమ వైపు పొట్టిగా వస్తుంది. డ్రైవర్ పక్కన తలుపు చోట అడ్డంగా ఉండే ఇనుప బార్లు ఎడమ వైపు బయటికి వంగి ఉంటాయి, కుడి వైపు తీరు వేరు. వెనక టైర్లు కూడా ఒక సైజు కావు, కుడిది పెద్దది.

ఇప్పుడు నమూనా కట్టేవాడి పరిస్థితి ఆలోచించండి. సాధారణ కారైతే సగం కొలిస్తే చాలు, మిగతా సగం అద్దంలో బొమ్మ లాంటిదే. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ప్రతి గొట్టాన్నీ విడిగా కొలవాలి. చూడ్డానికి చక్కగా, రెండు వైపులా ఒకేలా ఉన్న నమూనా వచ్చిందంటే అది తప్పని అర్థం.

పెట్టెలో దొరికేది వేరే కారు

దుకాణంలో కిట్ కొని అతికించుకోవచ్చు కదా అని నేనూ అడిగాను. మోనోగ్రామ్ కంపెనీ 1983లో నాస్కార్ కార్ల కిట్లు 1/24 సైజులో తెచ్చింది. ఇప్పటికీ చాలామంది పాత పెట్టెలు వెతికి కొంటారు. కానీ అవి పెద్ద లీగ్ కార్లు. 1981 నుంచి వాటి వీల్‌బేస్, అంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు దూరం, 110 అంగుళాలు. షార్ట్ ట్రాక్ లేట్ మోడల్ కార్లలో 101, 105 లాంటి కొలతలుంటాయి. 101కి దించాలంటే 1/24లో తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు కోసెయ్యాలి. కోసినా వెనక సస్పెన్షన్ సరిపోదు. పెద్ద లీగ్ కార్లలో చాలా ఏళ్లు పాత షెవర్లే పికప్ ట్రక్కు నుంచి వచ్చిన పొడవాటి ట్రక్ ఆర్మ్స్ వాడారు. లేట్ మోడల్స్‌లో ఎక్కువగా త్రీ లింక్ అనే పద్ధతి. అందుకే పట్టుదల ఉన్నవాళ్లు కిట్టు నుంచి ఇంజిన్, సీటు లాంటివి తీసుకుని, ఫ్రేమ్ మాత్రం సొంతంగా అల్లుకుంటారు.

పుల్లల లెక్క

నిజం కారులో కేజ్ గొట్టం బయటి వ్యాసం 1.75 అంగుళాలు, అంటే 44.45 మిల్లీమీటర్లు. దాన్ని 24తో భాగిస్తే 1.85 మి.మీ. దుకాణంలో సులభంగా దొరికే ప్లాస్టిక్ రాడ్ 1.6, ఆ పైన 2 మి.మీ. రెండు మి.మీ. రాడ్ వేస్తే నిజం కారులో 48 మి.మీ. గొట్టం వేసినట్టు, పంజరం మొద్దుగా కనిపిస్తుంది. 1.6 వేస్తే సుమారు ఒకటిన్నర అంగుళం గొట్టం అవుతుంది. అది పక్క సపోర్టులకు సరిపోతుంది, ప్రధాన కేజ్‌కు చాలదు. అందుకే కొందరు లావు రాడ్‌ను సన్నగా గీకుతారు, కొందరు ఇత్తడి గొట్టాలు సోల్డరింగ్ చేస్తారు, ఇంకొందరు కంప్యూటర్‌లో గీసి త్రీడీ ప్రింటర్ మీద తీస్తారు. ప్రింట్‌లో కొలత బాగానే వస్తుంది గానీ సన్నటి రెసిన్ పుల్లలు టపీమని విరుగుతాయట.

ఒక గొట్టం ఇంకో గొట్టానికి తగిలే చోట కొస నేరుగా కోస్తే కుదరదు. గుండ్రటి ఆకురాయితో చేప నోరులాగా గాడి తియ్యాలి. నిజం వెల్డర్లు చేసేదీ అదే. ఆకురాయి తిరిగే కోణం కొంచెం తప్పినా ఆ గొట్టం చెత్తబుట్టలోకే. ఒక్క మి.మీ. తేడా అంటే నిజం కారులో 24 మి.మీ., దాదాపు అంగుళం. అద్దం పలక ఎందుకంటే అది వంకర పోదు. నిజం ఛాసిస్ కట్టేవాళ్లు కూడా చదునైన ఇనుప బల్ల మీద జిగ్ పెట్టి, దానికి బిగించి వెల్డింగ్ చేస్తారు.

కొలతలు ఎక్కడి నుంచి వస్తాయి? అదృష్టం ఉంటే కారు దగ్గరికి వెళ్లి టేపు పెట్టొచ్చు. లేదంటే ఫొటోలే దిక్కు. పక్క నుంచి నేరుగా తీసిన ఫొటోలో చక్రాన్ని ఆధారంగా తీసుకుని మిగతావి లెక్కేస్తారు. ఇక్కడో గుంట ఉంది. 15 అంగుళాల రిమ్ము అంటే టైరు కూర్చునే చోటు కొలత. ఫొటోలో కనిపించే బయటి అంచు అంతకంటే పెద్దది. ఆ అంచునే 15 అనుకున్నారా, కారు మొత్తం చిన్నదైపోతుంది.

ఐదు నెలలు ఎలా పోయాయి?

భాయ్‌జాన్ పడింది ఇంకో గుంటలో. అమెరికన్ కిట్లు కొన్ని 1/24, కొన్ని 1/25 సైజులో వస్తాయి. కంటికి తేడా తెలియదు. ఆయన కడదామనుకున్నది 101 అంగుళాల వీల్‌బేస్ కారు, 1/24లో. లెక్క ప్రకారం 106.9 మి.మీ. రావాలి. చేతికి దొరికిన డ్రాయింగ్ మీద కొలిస్తే 106.7. ఇంకేం, సరిపోయిందనుకుని పని మొదలుపెట్టాడు. తీరా చూస్తే ఆ డ్రాయింగ్ 105 అంగుళాల కారుది, 1/25లో గీసింది. మీరూ భాగించి చూడండి, రెండూ దాదాపు ఒకే అంకెకు వస్తాయి. ట్రయల్ బ్యాలెన్స్‌లో రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని టాలీ అయినట్టు!

చివర్లో 1/24 సీటు పెడితే కేజ్‌లో ఇరుకైంది. అప్పుడు ఒక్కో గొట్టం కొలుస్తూ పోతే అన్నీ నాలుగు శాతం చిన్నవి.

"ఎవరు చూస్తారు భాయ్‌జాన్, రంగేసి పెట్టెయ్" అన్నాను. ఆయనకు కోపం వచ్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఈ చిన్న ట్రాక్‌ల కార్లలో మ్యూజియం దాకా చేరేవి బహు తక్కువ. గోడకు గుద్దుకుంటే ముందు భాగం మొత్తం కోసేసి కొత్తది వెల్డింగ్ చేస్తారు. పాత కార్లకు ఆ ముందు భాగం 1970 దశకం నాటి కమారో కారు నుంచి తెచ్చినది ఉండేది, ఇప్పుడు గొట్టాలతో కొత్తగా కడుతున్నారు. మూడు సీజన్లు పోయాక అదే నంబరు కారులో మొదటి ఇనుము ఎంత మిగిలిందో ఓనరుకే తెలియదు. కాబట్టి నమూనా కట్టేవాడు ఏ కారు అని కాదు, ఏ రోజు కారు అని తేల్చుకోవాలి. ఆయన కడుతున్నది తన కొడుకును మొదటిసారి రేసుకు తీసుకెళ్లిన రాత్రి వాళ్లు చూసిన కారు. తర్వాతి సీజన్‌లో దాని ముందు భాగం కోసేశారు. ఆ రాత్రి తీసిన ఫొటోలు పదకొండు ఉన్నాయి.

రంగు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. చాలామంది లేత బూడిద రంగు వేస్తారు. నిజం కారులోనూ అంతే, వెల్డింగ్ దగ్గర పగులు వస్తే లేత రంగు మీద వెంటనే కనబడుతుంది.

రెండో ఛాసిస్ ఇప్పుడు సగం దాకా వచ్చింది. ఎడమ ముందు కింది ఆర్మ్ దగ్గర ఆగింది. పదకొండు ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ అది పూర్తిగా కనబడదు, టైరు అడ్డం. అదే బిల్డర్ కట్టిన ఇంకో కారు హికరీలో నడుస్తోందని తెలిసింది. రేస్ అయ్యాక ఆ టీమ్ వాళ్లను అడిగి, చక్రం విప్పినప్పుడు టేపు పెట్టి కొలుచుకుంటానని చెప్పాడు. వాళ్లు ఒప్పుకున్నారు, కానీ పోయిన శనివారం అక్కడ వాన పడి రేస్ జరగలేదు.