అద్దాల రవిక... చెల్లని పైసలు!

సినిమాలో లంబాడీ పాట వచ్చిందంటే తెరనిండా అద్దాలు తళతళలాడాలి, హాల్లో ఈలలు పడాలి. నేనూ వేసినవాణ్ణే! ఆ అద్దాల్లో చాలావాటిని జిగురుతో అంటిస్తారని తర్వాతెప్పుడో తెలిసింది. అసలు సిసలు అద్దాల రవికను మాత్రం మొన్న మెదకు పట్టణంలో, ఓ పాత ట్రంకుపెట్టెలో చూశాను.

ఏడుపాయల వనదుర్గమ్మను దర్శించుకుని వస్తూ మెదకులో మిత్రుడి ఇంట్లో ఆగాను. పక్క వాటాలో ఉంటుంది ఆ అవ్వ. కొడుకు ఉద్యోగం కోసం తండా విడిచి వచ్చిన కుటుంబం. అసలు వాళ్ల వలస నిన్నటిదా? లంబాడీల పూర్వీకులు రాజస్థాన్ వైపునుంచి ఎద్దుల బిడారులతో దక్కనుకు దిగినవాళ్లు. 17వ శతాబ్దంలో మొగలు సేనలకు ధాన్యం మోసింది ఆ బిడారులే. తర్వాత రైళ్లొచ్చి ఆ వ్యాపారాన్ని మింగేశాయి. తండాలు వెలిశాయి. ఎప్పుడూ నడకలో ఉండేవాళ్లకు ఒంటిమీద ఉన్నదే ఆస్తి కాబోలు!

అవ్వ పెట్టె తెరిచి కాంచళి పరిచింది. ముందువైపంతా పనే, వీపున తాళ్లే.

"ఈ ఎర్రముక్క మా యాడికి వాళ్ల యాడి కుట్టింది సారూ. గవ్వలు మా యాడివి. చేతులు నేను కుట్టిన."

యాడి అంటే అమ్మ. మరి అద్దానికి బొక్క ఉండదు కదా, సూది ఎక్కడ గుచ్చుతారు? అదే కిటుకు! ముందు అద్దం మీదుగా అడ్డంగా, నిలువుగా దారాలు లాగి బిగిస్తారు. ఆ దారాలను పట్టుకుని చుట్టూ కుట్టుకుంటూ వస్తే అద్దం కదలదు.

పొరుగున కర్ణాటకలో, సండూరు లంబాణీ స్త్రీలు ఇలాంటి పనితోనే 2023 జూలైలో హంపీ జీ-20 సమావేశాల వేళ 1755 వస్తువులు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు కొట్టారు. ఆ సంగతి చెబితే అవ్వ ఒకటే అడిగింది: "పైసలిచ్చిండ్రా?"

అడగదూ మరి! ముప్పై అయిదేళ్ల కిందట ఎవరో సినిమావాళ్లు పాట కోసమని ఈ కాంచళినే అరువు తీసుకెళ్లారట. తిరిగొచ్చేసరికి అంచునున్న నిజాం కాలపు వెండి పైసలు ఏడు మాయం! కత్తెరతో కోసిన గాట్లు ఇంకా ఉన్నాయి. ఆ పాట రాసిన వాళ్ల గురించీ, ఆడిన వాళ్ల గురించీ పేజీలు నింపినవాణ్ణి, తలవంచుకున్నాను.

ఆ ఏడు చోట్లా ఇప్పుడు అల్యూమినియం అయిదు పైసల బిళ్లలు వేలాడుతున్నాయి. మేకుతో బొక్కలు కొట్టి కుట్టిందట.

"అవీ చెల్లయి, ఇవీ చెల్లయి. ఇవైతే ఎవ్వలు కోసుకపోరు."

మనవరాలికి వచ్చే నెల పెళ్లి. హైదరాబాదులో ఉద్యోగం. ఫొటోల కోసం అద్దె డ్రస్సు అప్పటికే చూసిపెట్టుకుంది... తేలికట, ఉతకనక్కర్లేదట. అవ్వ ఏమీ అనలేదు. కాంచళి ఆమె ముందుకు తోసింది, అంతే. తాళ్లే కనుక కొలతల బాధ లేదు. కట్టుకుని అద్దంలో చూసుకుంటూ ఆ పిల్ల చాలాసేపు నిలబడింది.

ఓ అద్దం దారం తెగి ఊగుతోంది.

"నాకు కండ్లు ఆనుతలేవు. నువ్వే కుట్టు" అంది అవ్వ.

ఆ పిల్ల సూది తప్పువైపు నుంచి గుచ్చింది. అవ్వ విప్పించింది. మళ్లీ గుచ్చింది. నేను బస్సుకు లేచేసరికి మూడోసారి విప్పిస్తోంది.