సాయుధ పూజ ఎందుకు కాదు?

"మా నాన్న అంగడిలో సాయుధ పూజ చేశారు."

దసరా సెలవులయ్యాక టి. నగర్‌లోని ఒక తెలుగు మైనారిటీ పాఠశాలలో ఐదో తరగతి పిల్లవాడు రాసిన వాక్యమిది. టీచరుగారు 'సా' చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, 'ఆ' అని దిద్దారు. పిల్లవాడు ఊరుకున్నాడు గానీ తండ్రి ఊరుకోలేదు. ఉస్మాన్ రోడ్డు పక్క సందులో ఆయనకు పాత్రల కొట్టు ఉంది. నోటుపుస్తకం పట్టుకొని బడికొచ్చారు. "మా వాడు పాఠంలో 'సాయుధ' అన్న మాట చూశాడండీ. ఆయుధం అందులో ఉందిగా, తప్పెలా అయింది?" అని అడిగారు. తరవాత అసలు సంగతి బయటపెట్టారు. తమిళం ఎలాగూ చదవక తప్పదు, ఇంగ్లీషు ఉండనే ఉంది, ఇన్ని చిక్కులున్న తెలుగును కూడా పిల్లవాడి నెత్తిన ఎందుకు పెట్టాలి, వచ్చే ఏడు మాన్పించేద్దామా అని.

"తప్పని నాకు తెలుసు. ఎందుకు తప్పో రెండు ముక్కల్లో చెప్పలేకపోయాను" అని టీచరుగారు మాతో అన్నారు. ఆ రెండు ముక్కలు వెతకబోయి మేము చాలా దూరమే వెళ్లాం.

మొదట వ్యాకరణం. స + ఆయుధ = సాయుధ. సకుటుంబంగా అన్నప్పుడూ, సవినయంగా అన్నప్పుడూ ఉన్న 'స'యే ఇది. 'తో కూడిన' అని దాని అర్థం. సాయుధుడు అంటే ఆయుధంతో ఉన్నవాడు, నిరాయుధుడు అంటే లేనివాడు. కాబట్టి 'సాయుధ పూజ' అంటే ఆయుధాలు ధరించి చేసే పూజ అవుతుంది. ఆయుధానికి చేసే పూజ కాదు. పండగ రద్దీలో రంగనాథన్ వీధి మొదట్లో తుపాకీ పట్టుకొని కాపలా కాసే పోలీసు అక్కడే నిలబడి దండం పెట్టుకుంటే, అదిగో, అది సాయుధ పూజ.

వ్యాకరణం అంతటితో సరి. కానీ తండ్రి ప్రశ్నకు ఇంకో కొస ఉంది. ఆయన కొట్లో పూజ అందుకున్నవి కాటా, రాళ్లు, లెక్కల పుస్తకం, సరుకు తెచ్చే టీవీఎస్ బండి. వీటిలో ఆయుధం ఏది? సంస్కృతంలో 'యుధ్' అంటే పోరాడటం. యుద్ధం, యోధుడు, ఆయుధం అన్నీ ఆ ధాతువు బిడ్డలే. పోరాడటానికి పనికొచ్చేదే ఆయుధం. విజయనగర రాజుల మహర్నవమి ఉత్సవాల్లో సైన్యం, ఏనుగులు, గుర్రాలు బారులు తీరేవి. హంపీలో మహర్నవమి దిబ్బ ఇప్పటికీ చూడొచ్చు. అదే పండగ వడ్రంగి ఇంటికీ మెకానిక్ షెడ్డుకీ వచ్చేసరికి ఉలి, స్పానర్ ఆయుధాలయ్యాయి. తమిళనాట ఆయుధ పూజ, సరస్వతీ పూజ ఒకే రోజు కాబట్టి పిల్లల పలకా పుస్తకాలు కూడా ఆ వరసలోకి చేరాయి.

పనిముట్టుకూ ఆయుధానికీ మధ్య గోడ ఇలా పలచబడటం మన ఒక్కరి సంగతే అనుకున్నాం. కాదట. ప్రాచీన గ్రీకులో 'హోప్లోన్' అంటే పనిముట్టు, ఓడ సరంజామా, ఆయుధం అన్నీ. ఆ మాట నుంచే గ్రీకు కాల్బలానికి 'హోప్లైట్' అన్న పేరొచ్చింది. రష్యన్‌లో 'ఒరూదియె' అంటే పనిముట్టే, ఫిరంగికీ అదే మాట. లాటిన్‌లో 'అర్మ' అంటే ఆయుధాలు, సరంజామా. ఇంగ్లీషు 'ఆర్మ్‌డ్', 'ఆర్మీ' దాని సంతానమే. పొద్దున్నే పిల్లల్ని లేపే 'అలారం' కూడా. ఇటాలియన్‌లో 'అల్లార్మె' అంటే 'ఆయుధాలు పట్టండి' అన్న కేక. బడి బస్సు వేళకు మన ఇళ్లలో జరిగే హడావిడి చూస్తే ఆ పేరు సరిగ్గానే కుదిరింది.

మాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. లాటిన్‌లో 'అర్మ' దాచుకునే పెట్టెను 'అర్మారియుం' అనేవారు. అది పోర్చుగీసులో 'అర్మారియొ' అయింది. పోర్చుగీసువారు దాన్ని ఓడల్లో మన తీరానికి తెచ్చారు. హిందూస్తానీలో 'అల్మారీ' అయింది, తెలుగులో అలమార అయింది. తరగతి గదిలో సుద్దముక్కలూ హాజరు పట్టీలూ దాచే అలమార పేరులో ఆయుధాగారం ఉందన్నమాట! ఆ కొట్టు యజమానికి ఈ ముక్క చెబితే ఆయన మొదటిసారి నవ్వారు. ఆయన కొట్లో ఉన్నది అలమారే, దానికి కూడా బొట్టు పెట్టారట.

ఇంగ్లీషులో చేతిని కూడా 'ఆర్మ్' అంటారు కదా, అదీ ఇదీ ఒకటేనా అని పిల్లలు అడుగుతారు. చెయ్యి అనే మాట ఇంగ్లీషుకు పుట్టుకతో వచ్చింది. ఆయుధాల మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి చేరింది. అయితే ఇంకా వెనక్కి వెళ్తే రెండింటికీ 'అమర్చు, అతుకు' అనే ఒకే మూలం చెబుతారు భాషావేత్తలు. విడిపోయిన అన్నదమ్ములు ఒకే వీధిలో కాపురం పెట్టినట్టు.

హిందీది సూటి దారి. 'హాథ్' అంటే చెయ్యి, 'హథియార్' అంటే ఆయుధం. సాయుధుడు 'హథియార్‌బంద్', అంటే ఆయుధం కట్టుకున్నవాడు. ఆయుధం లేనివాడు 'నిహత్థా', అక్షరాలా చేతులు లేనివాడు! టి. నగర్‌లోనే దక్షిణ భారత హిందీ ప్రచార సభ ఉంది. అక్కడ పరీక్షలు రాసే మన పిల్లలకు ఈ మాటలు కొత్త కావు. కానీ తెలుగులో దీనికి జంట ఉందని ఎంతమందికి తెలుసు? 'కైదువు'. బ్రౌన్ దొర 1852లో ఈ మద్రాసులోనే అచ్చువేయించిన నిఘంటువు తెరిస్తే ఆయుధం అన్న అర్థంతో కనిపిస్తుంది. పాత కావ్యాల్లో విరివిగా ఉంది. కన్నడంలో 'కైదు'. ఇందులో 'కై' అంటే చెయ్యే. తమిళం, కన్నడం 'కై' అంటే తెలుగు 'చేయి' అంటుంది. కన్నడం 'కివి'ని మనం 'చెవి' అన్నట్టే. అయినా కైదండ, కైమోడ్పు, కైవసం లాంటి మాటల్లో పాత 'కై' అలాగే నిలిచింది. చెన్నై పిల్లవాడికి 'కై' రోజూ నోట్లో నానే మాట. హైదరాబాదు పిల్లవాడికి కైదువును అర్థం చెప్పి బట్టీ పట్టించాలి. మన పిల్లవాడికి సగం వచ్చినట్టే.

ఒక్క జాగ్రత్త. తమిళ పత్రికల్లో రోజూ కనిపించే 'కైదు' ఇది కాదు. అది అరెస్టు. అరబ్బీ 'ఖైద్' నుంచి వచ్చింది, మన ఖైదు, ఖైదీ అక్కడివే. కైదువు పట్టినవాడు ఖైదు కావచ్చు గానీ రెండు మాటలకూ చుట్టరికం లేదు.

హిందీవారి 'బంద్' మనకు అచ్చతెలుగులో 'కట్టు'. సంక్రాంతి పందేల్లో కోడికాలికి కత్తి కడతారు. కత్తి కట్టిన కోడి నిజంగా సాయుధమే. ఒకరి మీద పగబట్టాడనడానికి 'కత్తి కట్టాడు' అనే అంటాం. నడుముకు కత్తి ఉండదు, మాట మాత్రం మిగిలింది. మలయ భాషలో మన 'స'లాంటిదే ముందు చేరుతుంది. 'సెంజాత' ఆయుధం, 'బెర్‌సెంజాత' సాయుధం. చైనావారి 'వూ-జ్వాంగ్'లో రెండో ముక్కకు దుస్తులు, సరంజామా అని అర్థం. అక్కడ ఆయుధం ఒంటికి తొడుక్కునేది. మొదటి అక్షరం 'వూ'లో రెండు బొమ్మలున్నాయి, ఒకటి ఈటెలాంటి ఆయుధం, రెండోది పాదం. ఆ పాదం బొమ్మకే 'ఆగు' అన్న అర్థమూ ఉండటంతో 'ఆయుధాన్ని ఆపడమే అసలు వీరత్వం' అని ప్రాచీన చైనా గ్రంథం ఒకటి భాష్యం చెప్పింది. లిపి చరిత్ర చదివినవారు మాత్రం ఆయుధంతో అడుగు వేయడమే దాని మొదటి భావమంటారు.

తమిళం 'సాయుధ'ను దగ్గరికి రానివ్వలేదు. 'ఆయుదం ఏందియ' అంటుంది, ఆయుధం పట్టిన అని. కానీ ఆయుధం లేనివాణ్ని మాత్రం 'నిరాయుదపాణి' అంటుంది. పాణి అంటే చెయ్యి. చక్రపాణి, శూలపాణి, దండపాణి అన్న పేర్లలో ఉన్నదే. తరగతిలో దండపాణి అనే పిల్లవాడు ఉంటే అతని పేరుతోనే పాఠం మొదలుపెట్టొచ్చు. దండం చేతిలో ఉన్నవాడు. వీణాపాణి అంటే సరస్వతి. ఆయుధ పూజ, సరస్వతీ పూజ ఒకే రోజు పడటానికి ఇంతకన్నా చక్కని జోడింపు ఏముంటుంది?

నిరాయుధుడన్న మాటకు ఈ ఊళ్లోనే ఒక రోజు ఉంది. 1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన ఆ రోజు మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర కాల్పుల్లో ఒకరు చనిపోయారు. ఆ శవాన్ని చూడటానికి వెళ్తున్న టంగుటూరి ప్రకాశాన్ని తుపాకులతో అడ్డగించారు. ఆయన చొక్కా తెరిచి రొమ్ము చూపి కాల్చుకోమన్నారు. సిపాయి పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. అటు తుపాకి, ఇటు ఖాళీ చేతులు. ఆ కూడలికి దగ్గరలోని బ్రాడ్‌వేకు ఇప్పుడు ప్రకాశం సాలై అని పేరు. సాయుధ, నిరాయుధ అన్న రెండు మాటలనూ బోర్డు మీద రాసి ఈ కథ చెబితే పిల్లలు మరిచిపోరని ఒక పాత తెలుగు పండితులు మాతో అన్నారు. మేమూ అదే నమ్ముతాం.

ఆ తుపాకి మాట కూడా ఊరికే రాలేదు. తురుష్కుల 'తూఫెక్' మన దగ్గర తుపాకి, తమిళంలో 'తుప్పాక్కి'. ఇక ఫిరంగి ప్రయాణం పెద్దది. ఫ్రాంకులు అనే యూరపు జాతి పేరును పర్షియన్‌లో 'ఫరంగీ' అన్నారు. అది క్రమంగా యూరపువారందరి పేరైంది. వాళ్లు తెచ్చిన పెద్ద తుపాకికి మనం ఫిరంగి అని, తమిళులు 'పీరంగి' అని పేరు పెట్టారు. పోర్చుగీసువారు మసలిన సెయింట్ థామస్ మౌంట్ 'పరంగిమలై' అయింది. తమిళంలో గుమ్మడి 'పరంగిక్కాయ్', ఆంధ్రలో కొన్నిచోట్ల బొప్పాయి 'పరంగి కాయ'. ఫిరంగీ, కొండా, గుమ్మడీ, బొప్పాయీ ఒకే మాట పిల్లలంటే నమ్మబుద్ధి కాదు. లోకల్ రైలులో పరంగిమలై స్టేషను దాటేటప్పుడు పిల్లలకు చెప్పి చూడండి.

ఇక టీచర్లను నిజంగా సతాయించే సంగతి. తమిళ లిపిలో త, థ, ద, ధలకు ఒకటే అక్షరం. ఆ అలవాటుతో మన పిల్లలు 'ఆయుతం', 'ఆయుదం', 'సాయుద' అని రాస్తారు. అయుతం అంటే పదివేలు. ఆయత్తం అంటే సిద్ధం, తమిళంలోనూ అదే. శస్త్రానికి దీర్ఘం పెడితే శాస్త్రం. శస్త్రం కోసేది, శాస్త్రం శాసించేది. అస్త్రం విసిరేది. అందుకే ఆస్పత్రిలో జరిగేది శస్త్రచికిత్స. దీర్ఘమో వత్తో తప్పితే అర్థం ఎక్కడికి పోతుందో చూపించకుండా మార్కు మాత్రం కోసేస్తే, పిల్లవాడికి అది కక్షలాగే కనబడుతుంది. ఆ తండ్రికి కోపం వచ్చింది కూడా అక్కడే.

మరో సంగతి. తమిళ పాఠంలో పిల్లలు నేర్చే మూడు చుక్కల అక్షరానికి 'ఆయ్ద ఎళుత్తు' అని పేరు. డాలు మీది మూడు బొడిపెల్లా ఉండటం వల్ల ఆ పేరొచ్చిందని బళ్లలో చెప్పే మాట. పండితులందరూ దీన్ని ఒప్పుకోరు. అయినా ఐదో తరగతికి అది మంచి గుర్తే.

మన ఊళ్లలో ఒకప్పుడు దసరాకు బడిపిల్లలే సాయుధులు. రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకొని పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగి పద్యాలు పాడేవారు, పప్పుబెల్లాలు తెచ్చుకునేవారు. విల్లు, అంబు. తమిళంలో 'విల్', 'అంబు'. ఈ రెండు మాటలకు పిల్లవాడికి ఏ భాషలోనూ అర్థం చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి టీచరుగారికి ఇచ్చాం. ఆమె అందులో మూడింటిని మాత్రమే తీసుకున్నారు: దండపాణి, అలమార, ప్రకాశంగారు. మిగతావి పై తరగతులకట. పిల్లలతో మళ్లీ అదే వాక్యం రాయించారు. మన కుర్రాడు ఈసారి రెండు వాక్యాలు రాశాడు: "మా అంగడిలో ఆయుధ పూజ చేశారు. సాయుధ పోలీసు వచ్చి బొరుగులు తీసుకున్నాడు."

పదికి పది పడ్డాయి. తెలుగు మాన్పించే విషయం మాత్రం తండ్రి ఇంకా తేల్చలేదు. పరీక్షలయ్యాక చూద్దాం అన్నారు.