రాత్రి భోజనానికి పదిమందిని పిలిస్తే

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఇంటికి పదిమందిని భోజనానికి పిలవడం అనగానే మనలో చాలామందికి ముందు సంతోషం, ఆ వెంటనే నడుం నొప్పి గుర్తుకొస్తాయి. నేనేమీ అతిశయోక్తి చెప్పడం లేదు, నా సంగతే చెబుతున్నాను. మాది గన్నవరం. బెజవాడకు ఇరవై కిలోమీటర్లు. విమానాశ్రయం మా ఊళ్ళోనే వుంది గనుక బందరు నుంచి, గుడివాడ నుంచి, ఏలూరు నుంచి బంధువులు పిల్లల్ని విమానం ఎక్కించడానికి వచ్చినా, తీసుకువెళ్ళడానికి వచ్చినా "దారిలోనేగా మీ ఇల్లు" అని తొంగి చూడకుండా పోరు. రావాలి కూడా. నలుగురూ రాని ఇల్లు ఇల్లేమిటండీ? అయితే ఇవాళ నేను చెప్పబోయేది అలా చెప్పకుండా వచ్చేవాళ్ళ గురించి కాదు. ఫలానా రోజని అనుకుని, మనంతట మనం రాత్రి భోజనానికి పిలుచుకునే స్నేహితుల గురించి, అయినవాళ్ళ గురించి.

గన్నవరం అనగానే కొందరు "డొక్కా సీతమ్మగారి గన్నవరమా?" అని అడుగుతారు. కాదండీ. ఆ మహాతల్లిది కోనసీమలోని లంకల గన్నవరం. 1841లో పుట్టి, 1909లో కన్నుమూసేదాకా వచ్చినవాళ్ళకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలు ఆవిడ. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో తీయించి తెప్పించుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. ఆవిడను తలుచుకుంటే చేతులు జోడించవలసిందే. కాని నాదొక మాట. మనం ఏ నలుగుర్ని పిలిచినా అన్నపూర్ణ అనిపించుకోవాలని ఒకటే తాపత్రయపడతాం. ఆవిడది ఆకలిగొన్నవాళ్ళ ఆకలి తీర్చే వ్రతం. మనింటికి వచ్చే స్నేహితురాలు ఆకలి తీర్చుకుందామని రాదు, మనతో రెండు గంటలు కూర్చుందామని వస్తుంది. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు ఇరవయ్యేళ్ళ సంసారం పట్టింది.

ఎలా తెలిసిందో చెబుతాను. ఆరేడేళ్ళ కిందట మా చిన్న ఆడపడుచు హైదరాబాదు నుంచి వచ్చింది. తను వచ్చిందిగదా అని ఇంకో రెండు కుటుంబాలను కూడా పిలిచాం. మొత్తం పన్నెండుమంది. నేను చీర కొంగు బిగించి పప్పు, రెండు కూరలు, పులుసు, చారు, పులిహోర, గారెలు, బూరెలు, పాయసం అన్నీ పెట్టుకున్నాను. గారెలు వేడివేడిగా వడ్డించాలి కదా! అందరూ వచ్చింది మొదలు తిని లేచేదాకా బాండీ ముందు నుంచి కదిలితే ఒట్టు. మా ఆడపడుచు రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి "వదినా" అంది. రెండుసార్లూ "పొగలో ఎందుకమ్మా, వెళ్ళి కూర్చో, వేడిమీద తిను" అని పంపేశాను. తెల్లవారి బస్సెక్కి వెళ్ళిపోయింది. వారం పోయాక ఫోను చేసి, "నీతో ఒక మాట చెప్పుకుందామని వచ్చాను వదినా. నీకు తీరిక దొరకలేదు. గారెలు మాత్రం చాలా బాగున్నాయి" అంది. ఆ మాటేమిటో తరవాత తెలిసింది. తన సంసారం సంగతి, ఇక్కడ చెప్పేది కాదు. అది ఆ రాత్రే నా చెవిన పడివుంటే, మేం చెయ్యగలిగింది కొంత వుండేది. గారెలు బాగున్నాయన్నందుకు నేను ఏడవడం అదే మొదటిసారి.

అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే నియమం. పిలిచినవాళ్ళు గుమ్మం ఎక్కేసరికి అన్నం తప్ప మిగతా వంటంతా అయిపోవాలి. తక్కిన ఏర్పాట్లన్నీ ఈ ఒక్క నియమం నుంచే పుట్టాయి.

వంటకాలను ఎంచుకునేటప్పుడు ఏది రుచి అని కాదు, ఏది ఆగుతుంది అని చూసుకోవాలి. గారె ఆగదు. బెండకాయ వేపుడు ఆగదు, మెత్తబడిపోతుంది. అదే గారెను పెరుగులో వేస్తే? ఆవడలు ఎంత నానితే అంత బాగుంటాయి. మధ్యాహ్నమే చేసుకుని, బాండీలోంచి తీయగానే ఒక్క నిమిషం నీళ్ళలో ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి పెరుగులో వెయ్యండి. నీళ్ళలో ముంచితే పైనున్న నూనె కొంత వదిలి, పిండి పెరుగును బాగా పీల్చుకుంటుంది. పెరుగు కమ్మగా వుండాలి, సాయంత్రానికి పులుస్తుందని భయమైతే కాసిని కాచి చల్లార్చిన పాలు కలిపి ఫ్రిజ్జులో పెట్టండి. గుత్తివంకాయ కూడా ఆగే కూరే, కారం కాయలోకి దిగడానికి దానికి ఆ రెండు గంటలు కావాలి. మాంసాహారులైతే చేపల పులుసుకు మించింది లేదు. కొరమేనో, శీలావతో ఉదయమే వండి, చల్లార్చి ఫ్రిజ్జులో పెట్టి, రాత్రి కుతకుతలాడేలా మరగబెడితే అప్పటికప్పుడు వండినదాని కంటే రుచిగా వుంటుంది. ముక్కకు పులుపూ ఉప్పూ పట్టే వ్యవధి దొరుకుతుంది మరి. మరగబెట్టేటప్పుడు గరిటె పెట్టకండి, గిన్నె పట్టుకుని తిప్పండి. అప్పడాలు, వడియాలు నాలుగింటికే వేయించి గాలి తగలని డబ్బాలో పెట్టేసుకోవచ్చు. పాయసం సంగతి చాలామంది మరిచిపోతారు, సేమ్యా పాలను తాగేసి రాత్రికి ముద్దయిపోతుంది. అరలీటరు కాచిన పాలు విడిగా వుంచుకుని వడ్డించే ముందు కలపండి. బెల్లంతో చేసేవాళ్ళు పొయ్యి మీద నుంచి దించి, వేడి కాస్త తగ్గాకనే బెల్లప్పాకం పొయ్యాలి, లేకపోతే పాలు విరిగి పరువు పోతుంది.

వేసవిలో అయితే ఈ మిఠాయిల గోలంతా ఎందుకు? నూజివీడు పక్కనే పెట్టుకుని! బంగినపల్లి కోసి ముక్కలు పెట్టండి చాలు. రసాలు మాత్రం పదిమందిలో పెట్టకండి, పట్టుచీరలు కట్టుకొచ్చినవాళ్ళు మిమ్మల్ని క్షమించరు.

ఇక పులిహోర. అది మధ్యాహ్నమే కలుపుకోవచ్చని, తెల్లన్నం మాత్రం అలా ముందు వండి పెట్టకూడదని చెబితే, "రెండూ అన్నమేగా" అని మా పక్కింటావిడ అడిగింది. మంచి ప్రశ్న. బియ్యంలో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కొన్ని వుంటాయి. వాటి విత్తనాల వంటివి అన్నం ఉడికినా చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గిన్నెలో వుంటే అవి మేలుకుని పెరుగుతాయి, ఒక విషాన్ని విడుస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. తిన్నవాళ్ళకు వాంతులు. పెళ్ళిళ్ళలో "ఏదో పడలేదు" అనుకునేవాటిలో కొన్ని ఇలాంటివే అయివుంటాయి. అయితే పులుపు వున్నచోట ఈ సూక్ష్మజీవులు పెరగలేవు. చింతపండు గుజ్జు పట్టించిన పులిహోర పూటంతా నిలిచేది అందుకే. మన పెద్దవాళ్ళు మిగిలిన అన్నాన్ని ఊరికే వదిలెయ్యకుండా మజ్జిగ పోసి చద్దన్నం చేసేవారు చూడండి, అక్కడా పులుపే కాపలా. సూక్ష్మజీవుల పేర్లు తెలియకపోయినా కిటుకు తెలుసు వాళ్ళకు. పులిహోరకు అన్నం వార్చగానే వెడల్పాటి పళ్ళెంలో పరిచి, పసుపూ నూనే చల్లి త్వరగా ఆరనివ్వండి, చింతపండు గుజ్జు పిసినారితనం లేకుండా వెయ్యండి. గుజ్జు ముందురోజే ఉడికించి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

తెల్లన్నానికి బియ్యం కడిగి సిద్ధంగా పెట్టుకుని, వచ్చినవాళ్ళు మంచినీళ్ళు తాగి కూర్చున్నాక పొయ్యి వెలిగిస్తే చాలు. మేం ఆరున్నరకు రమ్మంటాం, ఏడున్నరకు వడ్డిస్తాం. తొమ్మిదింటికి భోజనం పెట్టడం గొప్ప అనుకునే ఇళ్ళున్నాయి. మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళ అవస్థ వాళ్ళకు పట్టదు కాబోలు.

ఎంత వండాలన్నది ఇంకో బెంగ. మా అత్తగారిది సోలా తవ్వా లెక్క. సోలకు నాలుగు గిద్దెలు, తవ్వకు రెండు సోలలు, మానికకు రెండు తవ్వలు, కుంచానికి నాలుగు మానికలు అని వేళ్ళ మీద చెప్పేవారు. ఆ కొలతలు పొలం పనిచేసి వచ్చి తినేవాళ్ళకు. ఇప్పటి తిండికి నా లెక్క ఇదీ: పన్నెండుమందికి మొత్తం కిలోన్నర బియ్యం, అందులో సగం పులిహోరకు. కందిపప్పు అరకిలో. వంకాయలు కిలోన్నర. ఆవడలకు మినప్పప్పు అరకిలో, చిన్నవిగా చేస్తే ముప్ఫై దాకా వస్తాయి. ఆవడల పెరుగుకు లీటరున్నర పాలు, అన్నంలోకి రెండు లీటర్లు విడిగా తోడుపెట్టాలి. పెరుగు వేసవిలో ఉదయం తోడుపెడితే సాయంత్రానికి గడ్డకడుతుంది గాని, ధనుర్మాసం చలిలో ముందురాత్రే పెట్టుకోకపోతే పాలు వడ్డించవలసి వస్తుంది. పప్పు, ఒక కూర, ఒక పులుసు, పులిహోర, ఆవడలు, పెరుగు, ఒక తీపి. ఇంతకు మించి పెట్టకండి. రెండో కూర చేస్తే ఎవరూ ఎక్కువ తినరు, మొదటి కూర మిగులుతుంది.

పిలిచేటప్పుడే అడగవలసినవి అడిగెయ్యాలి. కార్తీకమాసంలో ఉల్లి మానేసేవాళ్ళు, సోమవారం ఉపవాసాలు, షుగరున్నవాళ్ళు, మాంసం ముట్టనివాళ్ళు వుంటారు. వచ్చాక అడిగితే వాళ్ళు మొహమాటానికి "ఫర్వాలేదు" అంటారు, తినీతినక లేస్తారు. షుగరున్నాయన విస్తట్లో "నా మీద ఒట్టు, ఇంకొక్క బూరె" అని పడెయ్యడం మర్యాద అనుకునే రోజులు పోవాలి.

ఇంకో మాట. "నేనేం తీసుకురాను?" అని స్నేహితురాలు అడిగితే మనం నాలుక్కరుచుకుంటాం, అయ్యో వద్దంటాం. కార్తీక వనభోజనాలకు వెళ్ళినప్పుడు ఉసిరిచెట్టు కింద ఒకరి పులిహోర, ఒకరి దద్ధోజనం, ఒకరి చక్రపొంగలి అందరం పంచుకు తింటాం కదా. అక్కడ లేని నామోషీ ఇంట్లో ఎందుకు? నేను ఇప్పుడు మొహమాటం లేకుండా "నీ గోంగూర పచ్చడి తీసుకురా" అంటాను. చూడండి, ఆవిడ మొహం ఎంత విప్పారుతుందో.

మా వారికీ పని అప్పగించాను. ఆకులు కడగడం, మంచినీళ్ళు పెట్టడం, కరెంటు పోతే చూసుకోవడం ఆయనది. ఆకు కొస తినేవాళ్ళ ఎడమచేతి వైపుకు రావాలని మూడుసార్లు చెప్పాను, నాలుగోసారికి వచ్చింది. అన్నీ ఒక దఫా వడ్డించేసి, గిన్నెలు మధ్యలో పెట్టుకుని నేనూ పంక్తిలో కూర్చుంటాను. మొదటిసారి అలా కూర్చున్నప్పుడు మా అత్తగారు "ఇల్లాలే కూర్చుంటే మారు వడ్డించేదెవరే?" అన్నారు. నేను జవాబు చెప్పేలోగా మా వారు లేచి అన్నం గిన్నె అందుకున్నారు. పులుసుకు ముందే పెరుగు వేసేశారనుకోండి, అది వేరే సంగతి. ఎవరూ ఆకలితో లేవలేదు. అత్తగారు ఆ తరవాత ఆ మాట ఎత్తలేదు. ఎనభయ్యేళ్ళ వయసులో ఆవిడకు కూడా అందరితో కలిసి, వేడి అన్నం తినడం బాగుందని నాకనిపించింది. అంతకు ముందెప్పుడూ ఆవిడ ఆఖరి పంక్తే.

తినడం కాగానే అంట్ల దగ్గరకు పరిగెత్తకండి. మిగిలిన పదార్థాలు మాత్రం రెండు గంటల్లోపు ఫ్రిజ్జులోకి వెళ్ళాలి, మన ఎండాకాలంలో అయితే గంటలోపే. పెద్ద గిన్నె పళంగా పెడితే నడిమధ్యలో వేడి గంటలకొద్దీ అలాగే వుంటుంది, చిన్నచిన్న గిన్నెల్లోకి సర్దండి. ఇంకా మంచి పని, వచ్చినవాళ్ళకే తలా ఒక డబ్బా కట్టివ్వడం. డబ్బా తిరిగివ్వడానికైనా మళ్ళీ వస్తారు.

మొన్న సంక్రాంతికి మా ఆడపడుచు వచ్చింది. మధ్యాహ్నం ఇద్దరం వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మాట్లాడుకున్నాం. రాత్రి పది మందిమి ఒకే పంక్తిలో కూర్చుని తిన్నాం. తను నా పక్కన కూర్చుంది. ఆ మాటల్లో పడి నేను పాయసంలో పంచదార సగమే వేశానట. ఆ రాత్రి ఎవరూ పైకి అనలేదు. పొద్దున్న కాఫీ తాగుతూ తనే చెప్పి నవ్వింది.