ఎర్ర మునియా, ఆకుపచ్చ మునియా

పిడికిట్లో ఇమిడిపోయే పిట్టలివి. పొడవు సుమారు 10 సెంటీమీటర్లు. రెంటికీ ముక్కు లక్కపూసలా ఎర్రగా ఉంటుంది, రెండూ గడ్డిగింజలు తిని బ్రతికేవే. శాస్త్రజ్ఞులు రెంటినీ అమండవ అనే ఒకే ప్రజాతిలో చేర్చారు. ఆ పేరు వెనుక ఒక వింత ఉంది. పూర్వం ఈ పిట్టలను పంజరాలలో విదేశాలకు పంపిన అహ్మదాబాద్ నగరం పేరే పరదేశీయుల నోట నలిగి ఇలా మారింది. అనగా పేరు పుట్టుకలోనే పంజరం ఉన్నది!

ఎర్ర మునియా మగపిట్ట వానాకాలంలో గూడుకట్టే వేళకు తెల్లని చుక్కలతో కుంకుమవర్ణం దాలుస్తుంది. ఆ కాలం దాటితే ఆ రంగు వీడి, ఆడపిట్టవలె గోధుమరంగులో సామాన్యంగా కనిపిస్తుంది. పాకిస్తాన్ మొదలు ఇండోనేషియా వరకు దీని నివాసం. పంజరాల నుండి తప్పించుకున్నవి స్పెయిన్, ఫిజీ వంటి చోట్ల కూడా స్థిరపడ్డాయి. అందుచేత అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దీనిని ప్రమాదం తక్కువగా గల జాతులలో ఉంచింది.

ఆకుపచ్చ మునియా కథ వేరు. పసుపు పొట్ట, ప్రక్కల నలుపు తెలుపు చారలతో ఇది మరింత అందమైనది. ఇది సహజంగా భారతదేశంలో మాత్రమే జీవిస్తుంది. అదీ దేశమంతటా కాదు, ప్రధానంగా మధ్య భారతంలోనూ రాజస్థాన్‌లోని ఆబూ పర్వత ప్రాంతంలోనూ అక్కడక్కడా ఉంటుంది. చెరకుతోటల్లోనూ గూళ్లు కడుతుంది. పై సమాఖ్య దీనిని ముప్పునకు లోనైన జాతిగా ప్రకటించింది.

ఒకే వల ఇద్దరిపై ఒకే విధంగా పనిచేయదు. మునియాలు గుంపులుగా మేస్తాయి గనుక వేటగాడికి ఒక్క విసురుకే పదుల సంఖ్యలో చిక్కుతాయి. ఎర్రదాని గుంపు పోయినా పొరుగు చెరువు నుండి మరొకటి రావచ్చును. ఆకుపచ్చ మునియాకు అట్టి పొరుగు గుంపులు చాలాచోట్ల లేవు. ఉన్న కొద్ది గుంపును పట్టుకుంటే ఆ ప్రాంతమే ఖాళీ కావచ్చు.

దేశీయ పక్షుల వ్యాపారాన్ని మన ప్రభుత్వం 1990-91లోనే నిషేధించింది. అంతర్జాతీయ వాణిజ్యంపై సైటీస్ ఒప్పందం కూడా ఆకుపచ్చ మునియాకు అనుబంధం 2లో రక్షణ కల్పించింది. అయినా అంగళ్లలో మునియాల అమ్మకం పూర్తిగా ఆగలేదు. కొన్నిచోట్ల సాదా పిట్టలకు రంగులు పూసి అమ్ముతారు. పిల్లల ముచ్చట కోసం కొన్న ఇంట నాలుగు రోజులకే ఆ రంగు నీళ్లలో కరిగిపోతుంది.

పిల్లలకు ఎర్ర మునియాను చూపాలంటే కొనవలసిన పనే లేదు. తొలకరి తరువాత మన చెరువుగట్ల రెల్లుగడ్డి దగ్గర ఓపికగా నిలబడితే చాలు. ఆకుపచ్చదానిని చూడాలంటే మాత్రం చాలా దూరం ప్రయాణించాలి.