కరిగిపోతున్న తల్లి ఎలుగు

అమెరికాలో మిషిగన్ సరస్సు తూర్పు ఒడ్డున ఉంది ‘స్లీపింగ్ బేర్ డ్యూన్స్’. 1970 నుంచి జాతీయ రక్షిత తీరం. ఆ పేరు వెనక అనిషినాబే ఆదివాసుల కథ ఒకటుంది. అవతలి ఒడ్డున అడవి తగలబడితే తల్లి ఎలుగు, రెండు పిల్లలు సరస్సుకు అడ్డంపడి ఈదాయట. తల్లి ఒడ్డెక్కింది, పిల్లలు మునిగిపోయాయి. ఎదురుచూసి ఎదురుచూసి తల్లి ఇసుక తిన్నె అయింది, పిల్లలు రెండు మానిటూ దీవులయ్యాయి.

ఆ తల్లీ కరిగిపోతోందిప్పుడు. గత శతాబ్దం మొదట్లో 234 అడుగులున్న తిన్నె 1980 నాటికి 103 అడుగులకు దిగింది. కింద అలలు గట్టును కోస్తున్నాయి, పైన గాలి ఇసుకను ఎత్తుకుపోతోంది.

ఇదే తీరంలో సరస్సు మీద 450 అడుగుల ఎత్తున నిలిచిన ‘ఇసుక కొండ’ ఫొటోలు చూసే ఉంటారు. అంతా ఇసుక కాదు! చాలా మటుకు మంచుయుగపు హిమానీనదాలు వదిలిపోయిన రాళ్లూ మట్టీ. ఇసుక దాని పైన వేసిన మేడలాంటిది. దిగడం నిమిషాల పని, ఎక్కడం దగ్గరే ఉంది ప్రాణసంకటం. ఎక్కలేక చిక్కుకున్నవాళ్లను రక్షించడం అక్కడ మామూలే.

ఓడ ప్రమాదాల్లో ప్రాణాలు కాపాడేందుకు 1901లో ఇక్కడొక కేంద్రం కట్టారు. ఇసుక దాని మీదికే నడిచొస్తుంటే 1931లో భవనాలనే వేరేచోటికి జరపాల్సి వచ్చింది. ఇప్పుడది మ్యూజియం.

అన్నిటికంటే విచిత్రం దక్షిణ మానిటూ దీవిది. 1871లో కట్టిన లైట్‌హౌస్‌ను 1958లో ఆపేశారు. ఆ తర్వాత రెండేళ్లకే, 1960 నవంబరులో, ‘ఫ్రాన్సిస్కో మొరజాన్’ అనే సరుకు ఓడ తుపానులో ఆ దీవి దగ్గరే మెట్టకెక్కింది. అదీ 1903లో దెబ్బతిన్న మరో ఓడ శిథిలాల పక్కనే! మనుషులంతా బతికారు. తుప్పుపట్టిన ఓడ ఇంకా నీళ్ల పైకి కనిపిస్తుంది.

అదే దీవిలో 500 ఏళ్లు దాటిన తెల్ల దేవదారులున్నాయి. గాలికి ఎగిరొచ్చిన ఇసుక బెరడులో దిగబడి రంపాల పదును పోగొట్టేదని, అందుకే కలప వ్యాపారులు వాటి జోలికి పోలేదని చెబుతారు.

ఒడ్డున దొరికే పెటోస్కీ రాళ్లు కోట్ల ఏళ్లనాటి పగడాల శిలాజాలు. పొడిగా ఉంటే మామూలు బూడిదరంగు రాళ్లే. తడిపితే ఆరు పలకల గళ్లు బయటపడతాయి. మిషిగన్‌కు 1965 నుంచి ఇదే రాష్ట్ర శిల. రక్షిత తీరం నుంచి మాత్రం ఒక్కటీ ఇంటికి తెచ్చుకోకూడదు.